ఒకే ఒరలో రెండు కత్తులు: క్లస్టరు కంప్యూటరుపై రెండు ఆపరేటింగ్ సిస్టములు

పెద్ద లెక్కలు చేయడానికి అనేక కంప్యూటర్లను ఒకదానితో ఒకటి తీగెలతో కలిపి, అవన్నీ ఒకే యంత్రంవలె పనిచేసేటట్లు అమర్చిన సముదాయాన్ని క్లస్టరు అంటారు. తుఫాను ఏ తీరం వైపు మళ్లుతుందో అంచనా కట్టడం, వంతెన ఎంత బరువును మోయగలదో కట్టకముందే పరీక్షించడం, ఔషధపు అణువు రోగకారక ప్రోటీనుకు ఎలా అతుక్కుంటుందో చూడడం వంటి పనులు ఒక్క కంప్యూటరుకు నెలల తరబడి పట్టగా, క్లస్టరు వాటిని గంటలలో ముగించగలదు. ఇటువంటి క్లస్టర్లు దాదాపుగా అన్నీ లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టముపై నడుస్తాయి. అయినప్పటికీ కొన్ని విశ్వవిద్యాలయాలలోను, పరిశోధనశాలలలోను అదే యంత్రంపై విండోసును కూడా నడపవలసిన అవసరం ఏర్పడింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దల మాట. ఇక్కడ అవి ఇమిడాయి. ఎలా ఇమిడాయి, అందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చింది అన్నదే ఈ వ్యాసవిషయం.

క్లస్టరులో ఏముంటుంది

బజారులో దొరికే మామూలు కంప్యూటర్లతో క్లస్టరును నిర్మించవచ్చునని 1994లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ నిరూపించారు. వారి యంత్రం పేరు బేవుల్ఫ్. అందులో 486 తరగతికి చెందిన 16 ప్రాసెసర్లు, వాటిని కలుపుతూ సాధారణ ఈథర్‌నెట్ తీగెలు, వాటిపై అప్పటికి మూడేళ్ల వయసున్న లినక్సు ఉండేవి. నేటి క్లస్టర్లు పరిమాణంలో ఎంతో పెరిగినా స్వరూపం అదే.

క్లస్టరులోని ఒక్కొక్క కంప్యూటరును నోడ్ అంటారు. లెక్కలు చేసే నోడ్లకు తెరగాని, కీబోర్డుగాని ఉండవు. అవి బీరువాలాంటి ఇనుప చట్రాలలో వరుసగా అమర్చబడి ఉంటాయి. వాటికి పైన హెడ్ నోడ్ అనే ప్రధాన యంత్రం ఉంటుంది. పరిశోధకులు తమ పనులను ఈ ప్రధాన యంత్రానికి అప్పగిస్తారు. ఏ పనికి ఎన్ని నోడ్లు, ఎంతసేపు, ఎవరి తరువాత ఎవరు అన్నది షెడ్యూలర్ అనే సాఫ్ట్‌వేరు నిర్ణయిస్తుంది. చెరువు నీళ్లకు వంతులు వేసే నీరుగంటి పని ఎటువంటిదో షెడ్యూలర్ పని అటువంటిది. నీరుగంటి పక్షపాతి అయితే చివరి మడి ఎండిపోతుంది. ఈ పోలికను గుర్తుంచుకోవడం మంచిది. ఒకే చెరువుకు ఇద్దరు నీరుగంట్లు ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న ముందు రాబోతున్నది.

రెండవ సిస్టము అవసరం ఎందుకు కలిగింది

ఆపరేటింగ్ సిస్టము అంటే యంత్రపు భాష, యంత్రపు చట్టం. ఒక సిస్టముకు తయారుచేసిన ప్రోగ్రామును మరొక సిస్టము ఉన్నదున్నట్లుగా అర్థం చేసుకోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో ఒరియానో మాట్లాడే సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు: మాట తెలిసినంత మాత్రాన లిపి రాదు. మూల ప్రోగ్రాము చేతిలో ఉంటే దానిని రెండవ సిస్టముకు తగినట్లు మళ్లీ కంపైల్ చేసుకోవచ్చు. కాని కొనుక్కున్న సాఫ్ట్‌వేరులో మూల ప్రోగ్రాము ఇవ్వరు. యంత్రభాగాల రూపకల్పనకు, కర్మాగారాల అవసరాలకు వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు విండోసుకు మాత్రమే దొరికేవి. ఎక్సెల్ పట్టికలలో లెక్కలు పేర్చుకున్న ఆర్థిక నిపుణులు, విజువల్ బేసిక్‌లో సొంత ప్రోగ్రాములు రాసుకున్న ఇంజనీర్లు కూడా విండోసునే కోరారు. మరోవైపు వాతావరణం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివేవారి ప్రోగ్రాములన్నీ యూనిక్సు, లినక్సుల వాతావరణంలో పెరిగినవే. రెండు వర్గాలకు రెండు క్లస్టర్లు కొనే స్తోమత చాలా సంస్థలకు లేదు. ఉన్నది ఒకే యంత్రం, అడిగేవారు ఇద్దరు.

విండోసుతో క్లస్టర్లు కట్టే ప్రయత్నాలు పాతవే. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రపు జాతీయ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం 1998లో విండోస్ ఎన్‌టీపై ఒక పెద్ద క్లస్టరును నడిపింది. మరుసటి ఏడాది కార్నెల్ విశ్వవిద్యాలయం అదే బాట పట్టింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2006లో విండోస్ కంప్యూట్ క్లస్టర్ సర్వర్ 2003ను, 2008లో విండోస్ హెచ్‌పీసీ సర్వర్ 2008ను విడుదల చేయడంతో పోటీ తీవ్రమయింది.

ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 కంప్యూటర్ల జాబితా ఏటా జూన్, నవంబరు మాసాలలో వెలువడుతుంది. 2008 జూన్ జాబితాలో రెండు యంత్రాలు ఈ విషయంలో చెప్పుకోదగినవి. ఇల్లినాయిస్ కేంద్రంలోని ‘ఏబ్’ అనే క్లస్టరు అంతకుముందు ఏడాది లినక్సుపై 62.68 టెరాఫ్లాపుల వేగం చూపగా, ఈసారి విండోసుపై 68.48 టెరాఫ్లాపులు చూపి 23వ స్థానంలో నిలిచింది. ఒక టెరాఫ్లాపు అంటే క్షణానికి లక్ష కోట్ల లెక్కలు. స్వీడన్‌లోని ఊమియో విశ్వవిద్యాలయపు ‘అక్కా’ అనే క్లస్టరు 5,376 కోర్లతో 46.04 టెరాఫ్లాపులు సాధించి 39వ స్థానం పొందింది. అది లినక్సు, విండోసు రెండింటితోను నడిచేటట్లు ఏర్పాటయిన యంత్రం. అదే ఏడాది నవంబరులో చైనాలోని షాంఘై సూపర్‌కంప్యూటర్ కేంద్రానికి చెందిన డానింగ్ 5000ఏ విండోసుపై 180.6 టెరాఫ్లాపులతో ఏకంగా 10వ స్థానానికి ఎక్కింది.

ఈ అంకెలను చూసి ఒక సిస్టము మరొకదానికన్నా మేలని తీర్పు చెప్పడం తొందరపాటు. ఏబ్ విషయంలో రెండు పరీక్షల మధ్య ఒక ఏడాది గడిచింది. సాఫ్ట్‌వేరును సరిదిద్దుకునే అవకాశం అప్పుడు కలిగింది. పైగా అది పరీక్షనాటి వేషం. రోజువారీ పరిశోధన ఆ యంత్రంపై లినక్సులోనే జరిగేది. వేగంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదన్నది మాత్రం దీనివలన తేలింది. అసలు కష్టం వేగంలో లేదు, ఒకదాని నుంచి మరొకదానికి మారడంలో ఉంది.

యంత్రం మేల్కొనే క్షణం

కంప్యూటరుకు విద్యుత్తు అందగానే ముందుగా దాని ప్రధాన ఫలకంపై ఉన్న చిన్న మూలప్రోగ్రాము మేలుకొంటుంది. అది జ్ఞాపకశక్తిని, డిస్కులను తడిమి చూసి, ఆపరేటింగ్ సిస్టము ఎక్కడ ఉన్నదో వెదుకుతుంది. పాత బయాస్ పద్ధతిలో డిస్కు మొట్టమొదటి 512 బైట్ల గడిలో ‘తరువాత ఎక్కడికి వెళ్లాలి’ అన్న సూచన ఉంటుంది. ఆ గడి ఒక్కటే. లినక్సు, విండోసు రెండూ దానిని తమదిగా భావిస్తాయి. విండోసును తరువాత స్థాపిస్తే అది పక్కనున్న లినక్సును లెక్కచేయక ఆ గడిని తన సూచనతో నింపివేస్తుంది. లినక్సు డిస్కుపై భద్రంగా ఉండి కూడా కనిపించకుండా పోతుంది. అందువలన ముందు విండోసు, తరువాత లినక్సు అన్న వరుస ఆనవాయితీ అయింది. లినక్సుతో వచ్చే గ్రబ్ అనే బూట్ లోడర్ రెండు సిస్టముల పేర్లు చూపి, ఏది కావాలో అడుగుతుంది.

ఇంట్లోని కంప్యూటరుకు ఇది చాలు. మనిషి ఎదురుగా కూర్చుని మీట నొక్కుతాడు. క్లస్టరులో మీట నొక్కే మనిషి లేడు, నొక్కడానికి కీబోర్డు లేదు, నోడ్లు వందల సంఖ్యలో ఉంటాయి. ‘ఏది కావాలి?’ అన్న ప్రశ్నకు జవాబు ముందుగానే రాసి ఉండాలి.

జవాబును నోడ్ డిస్కుపైనే రాయడం మొదటి ఉపాయం. డిస్కులో రెండు సిస్టములూ చదవగల చిన్న భాగం ఒకటి కేటాయించి, గ్రబ్‌కు కావలసిన ఆదేశాన్ని అందులో ఉంచుతారు. లినక్సులో ఉన్న నోడ్‌ను విండోసుకు మార్చాలంటే ఆ ఫైలులో ఒక మాట మార్చి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాలి. తిరిగి రావడానికి విండోసులో నుంచి అదే ఫైలును మార్చాలి. పద్ధతి సులభమే, కాని బలహీనం. విండోసు మొరాయించి నిలిచిపోతే ఆ ఫైలును మార్చేవారు లేరు. మధ్యలో విద్యుత్తు పోయినా అంతే. అప్పుడు నిర్వాహకుడు తెర, కీబోర్డు మోసుకుని యంత్రశాలలోకి స్వయంగా వెళ్లవలసిందే.

దీనికన్నా మేలైనది నెట్‌వర్కు నుంచి మేల్కొలపడం. 1990ల చివర ఇంటెల్ సంస్థ ప్రమాణీకరించిన ఈ పద్ధతిని పీఎక్స్ఈ అంటారు. ఇందులో నోడ్ లేవగానే తన డిస్కును చూడదు. తీగె వెంబడి ‘నా చిరునామా ఏమిటి, నేను ఏ ఫైలు తెచ్చుకోవాలి’ అని కేక వేస్తుంది. ప్రధాన యంత్రం చిరునామాను, ఫైలు పేరును తెలుపుతుంది. ప్రతి నోడ్‌కు ఒక చిన్న ఆదేశపత్రం ప్రధాన యంత్రంలోనే ఉంటుంది. అందులో ‘లినక్సు తీసుకో’ అని ఉంటే లినక్సు గుండెకాయ వంటి కెర్నెల్ తీగెపై ప్రయాణించి నోడ్‌లోకి చేరుతుంది. ‘డిస్కు నుంచి లేవు’ అని ఉంటే అక్కడున్న విండోసు లేస్తుంది. లినక్సుకు డిస్కుతో పని లేకుండా జ్ఞాపకశక్తిలోనే బతకగల నేర్పు ఉన్నందున, డిస్కునంతా విండోసుకు వదిలివేయవచ్చు. అప్పుడు మొదటి గడి తగవు తీరిపోతుంది. ఆదేశం ఒకేచోట ఉంటుంది కనుక నిలిచిపోయిన నోడ్‌ను సైతం, దానిలోని ప్రత్యేక నియంత్రణ చిప్పు సాయంతో దూరం నుంచే ఆపి, కావలసిన సిస్టములో లేపవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నోడ్ వేసే కేకకు జవాబిచ్చేవారు ఒక్కరే ఉండాలి. లినక్సు ప్రధాన యంత్రం, విండోసు ప్రధాన యంత్రం రెండూ ఆ బాధ్యత తమదేనని ఒకే తీగెపై జవాబులిస్తే, ఏది ముందు పలికితే నోడ్ దానిని నమ్ముతుంది. ఉదయం లినక్సులో లేచిన నోడ్ సాయంత్రం ఎవరూ కోరకుండానే విండోసు స్థాపించుకోవడం మొదలుపెట్టవచ్చు. అలా మొదలయితే డిస్కుపై అంతకుముందున్నదంతా పోయినట్లే.

నేటి యంత్రాలలో బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ప్రతి సిస్టముకు వేరే ఫైలు, వాటి వరుసను తెలిపే పట్టిక ఉంటాయి. ‘వచ్చేసారికి మాత్రం ఇది’ అని చెప్పే సౌకర్యం కూడా ఉంది. తగవు తగ్గింది కాని పూర్తిగా పోలేదు.

ఇద్దరు నీరుగంట్లు

లినక్సు వైపు ఒక షెడ్యూలర్, విండోసు వైపు మరొక షెడ్యూలర్ ఉంటాయి. ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. లినక్సు నుంచి విండోసుకు మారిన నోడ్ లినక్సు షెడ్యూలర్ దృష్టిలో చెడిపోయిన యంత్రం. అది నిర్వాహకునికి ప్రమాద సూచనలు పంపుతూనే ఉంటుంది. కనుక మార్చే ముందు నోడ్‌ను ఒకవైపు జాబితా నుంచి మర్యాదగా తప్పించి, మారిన తరువాత రెండవవైపు జాబితాలో చేర్చే మధ్యవర్తి ప్రోగ్రాము అవసరం. రెండు క్యూలను గమనిస్తూ, ఎటు ఎక్కువ పనులు వేచి ఉంటే అటు నోడ్లను తిప్పడం దాని పని.

వినడానికి తేలికే. ఒక ఉదాహరణ చూద్దాం. 32 నోడ్ల క్లస్టరులో 20 లినక్సులో, 12 విండోసులో ఉన్నాయనుకుందాం. విండోసు వైపు 16 నోడ్లు కావలసిన పని ఒకటి వచ్చింది. మరో 4 నోడ్లు కావాలి. లినక్సు వైపు నడుస్తున్న పనులను మధ్యలో తుంచకూడదు కనుక అవి ఒక్కొక్కటిగా ముగిసేవరకు ఆగాలి. ఈరోజు మూడు ఖాళీ అయ్యాయి; నాలుగవది ఎల్లుండికి గాని కాదు. ఆ మూడు నోడ్లు, వాటితోపాటు విండోసు వైపున్న 12 నోడ్లు రెండు రోజులు ఊరికే కూర్చుంటాయి. ఆ సమయంలో లినక్సు వైపు చిన్న పనులు వరుసలో నిలబడి ఉంటాయి. నీళ్లు కాలువలో ఉన్నా మడిలోకి రానట్టే.

తిప్పడానికి పట్టే సమయం వేరు. సర్వర్లు ఇంటి కంప్యూటర్లవలె వెంటనే లేవవు. జ్ఞాపకశక్తిని తనిఖీ చేసుకుని, నెట్‌వర్కులో చేరి, షెడ్యూలర్‌కు హాజరు చెప్పేసరికి పలు నిమిషాలు పడుతుంది. 64 నోడ్లు, నోడ్‌కు 8 కోర్లు ఉన్న క్లస్టరును మొత్తం ఒకసారి తిప్పడానికి 10 నిమిషాలు పడుతుందనుకుంటే, 512 కోర్లు పది నిమిషాల చొప్పున సుమారు 85 కోరు-గంటల పని పోతుంది. రోజుకు రెండుసార్లు తిప్పితే 170. మధ్యవర్తి ప్రోగ్రాము మరీ చురుకుగా, క్యూ కదిలినప్పుడల్లా నోడ్లను అటూ ఇటూ తిప్పితే యంత్రం లెక్కలు చేసేకన్నా లేచి పడుకోవడంలోనే ఎక్కువ కాలం గడుపుతుంది. కనుక ఒకసారి మారిన నోడ్ కనీసం ఇన్ని గంటలు అక్కడే ఉండాలన్న నియమం పెట్టుకోవాలి.

ఈ నియమాలను యంత్రం కొన్న తరువాత కాక, కొనకముందే రాసుకోవడం న్యాయం. రాసుకోనిచోట మార్పిడి నిర్వాహకుని చేతిలో పడుతుంది. ఆయన పగలు ఉంటాడు, రాత్రి ఉండడు. సంఖ్యలో తక్కువగా ఉన్న వర్గం, చాలాచోట్ల అది విండోసు వర్గమే, ప్రతిసారీ బతిమాలుకోవలసి వస్తుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన గడువు దగ్గరపడిన విద్యార్థికి ఆ రెండు రోజుల ఆలస్యం ఒక ఏడాది నష్టంగా మారవచ్చు.

చిన్నవిగా కనిపించే చిక్కులు

గడియారంతో ఒక చిక్కుంది. యంత్రంలోని గడియారం స్థానిక సమయాన్ని చూపుతుందని విండోసు నమ్ముతుంది. లినక్సు సాధారణంగా దానిని గ్రీనిచ్ సమయంగా లెక్కిస్తుంది. భారతదేశంలో ఈ తేడా అయిదున్నర గంటలు. విండోసు నెట్‌వర్కులలో గుర్తింపును సరిచూసే కెర్బెరాస్ పద్ధతి సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. ఫలితంగా సిస్టము మారిన నోడ్ సరైన సంకేతపదం ఇచ్చినా ప్రవేశం నిరాకరించవచ్చు. లినక్సును స్థానిక సమయానికి గాని, విండోసును గ్రీనిచ్ సమయానికి గాని ఒప్పించి, రెండింటినీ ఒకే కాలసేవకునితో అనుసంధానిస్తే ఇది తీరుతుంది.

భద్రతా సవరణల విషయం ఇంకా ముఖ్యం. నెల రోజులు లినక్సులో ఉన్న నోడ్‌లో విండోసు నిద్రపోతూ ఉంటుంది. ఆ నెలలో వచ్చిన సవరణలేవీ దానికి అందవు. లేచిన వెంటనే అవన్నీ దించుకోవడం మొదలుపెట్టి, పని మధ్యలో తనంతట తాను ఆగి మళ్లీ లేవడానికి ప్రయత్నిస్తుంది. సవరణలు ఆపివేస్తే రంధ్రాలున్న గోడతో నెట్‌వర్కులో నిలబడినట్లు. రెండు నిద్రలకూ వేర్వేరు కాలపట్టిక వేసుకోక తప్పదు.

ఫైళ్ల పేర్లలో పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు లినక్సు తేడా పాటిస్తుంది, విండోసు సాధారణంగా పాటించదు. ఒకే నిల్వను లినక్సు ఒక విధానంలో, విండోసు మరొక విధానంలో చదువుతాయి. వాడుకరుల పేర్లు, హక్కులు రెండువైపులా ఒకటిగా ఉండేటట్లు చూడడమే నిర్వాహకునికి తిప్పుడుకన్నా పెద్ద పని అవుతుంది. ఇక నోడ్ నిద్రలో ఉన్నా విండోసు లైసెన్సు రుసుము నిద్రపోదు.

ఒకే వేళ రెండు

యంత్రాన్ని ఆపకుండానే రెండింటినీ నడపడానికి వర్చువల్ యంత్రాల పద్ధతి ఉంది. లినక్సుపై ఒక నకిలీ యంత్రాన్ని సృష్టించి దానిలో విండోసును లేపుతారు. 2003లో వెలువడిన జెన్, 2007లో లినక్సు కెర్నెల్‌లో చేరిన కేవీఎం ఇందుకు ప్రసిద్ధ సాధనాలు. వంతుల వారీ పంటకు బదులు అంతరపంట వేయడం వంటిది ఇది. ఒక్క నోడ్‌లో ముగిసే పనులకు ఇదే మేలు. అనేక నోడ్లు క్షణక్షణం సందేశాలు మార్చుకునే పనులలో మాత్రం నెట్‌వర్కు కార్డును నకిలీ యంత్రానికి నేరుగా అప్పగించే ఏర్పాటు లేకుంటే వేగం తగ్గుతుంది.

రెండు సిస్టముల కలయికకు వేరొక కారణం కూడా ఉన్నది. దానికి విండోసుతో సంబంధం లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో ఆస్కీ క్యూ అనే మహాయంత్రం ఉండేది. దాని 8,192 ప్రాసెసర్లపై ఒక ముఖ్యమైన ప్రోగ్రాము అంచనాకన్నా ఎంతో నెమ్మదిగా నడిచింది. నోడ్‌కు నాలుగు ప్రాసెసర్లుండగా నాలుగింటినీ వాడినప్పటికన్నా మూడింటినే వాడినప్పుడు పని త్వరగా ముగియడం వింతగొలిపింది. ఫాబ్రిజియో పెట్రిని, డారెన్ కెర్బిసన్, స్కాట్ పాకిన్ అనే పరిశోధకులు 2003లో ఈ రహస్యాన్ని ఛేదించారు. దోషి ఆపరేటింగ్ సిస్టమే. ప్రతి నోడ్‌లో గడియారపు పని, లెక్కాపత్రాల పని, పర్యవేక్షణ పని అంటూ చిన్న చిన్న సేవలు అప్పుడప్పుడు మేలుకొని ప్రాసెసరును క్షణకాలం లాక్కునేవి. ఒక నోడ్‌లో ఇది లెక్కలోనికి రాదు. కాని వేల ప్రాసెసర్లు చేయిచేయి కలిపి సాగే పనిలో ఒక్కరు తడబడితే అందరూ ఆగాలి. నాట్ల వరుసలో ఒక్కరు వెనుకబడితే వరుసంతా ఆగినట్లు. అనవసర సేవలను తొలగించి, మిగిలినవాటిని ఒకచోటికి చేర్చగా ఆ ప్రోగ్రాము రెండింతల వేగంతో నడిచింది. కొత్త యంత్రాలు కొనలేదు.

పెద్ద యంత్రాల రూపకర్తలు అప్పటికే ఈ ఆపదను ఎరిగినవారే. ఐబీఎం నిర్మించిన బ్లూ జీన్‌-ఎల్ యంత్రం 2004 నవంబరు నుంచి 2008 జూన్ వరకు ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉన్నది. 2005లో దానిలో 65,536 లెక్కల నోడ్లు ఉండేవి. వాటిలో లినక్సు లేదు. ఒకే పనిని అంటిపెట్టుకుని నడిచే అతిచిన్న కెర్నెల్ మాత్రమే ఉంది. ఫైలు తెరవడం, రాయడం వంటి పనులు దానికి చేతకావు. అటువంటి కోరిక వచ్చినప్పుడు లినక్సు నడిచే వేరే నోడ్లకు పంపుతుంది. 64 లెక్కల నోడ్లకు ఒక లినక్సు నోడ్ చొప్పున సేవ చేసేది. శాండియా ప్రయోగశాలలోని రెడ్ స్టార్మ్ యంత్రంలో కూడా లెక్కల నోడ్లపై కాటమౌంట్ అనే చిన్న కెర్నెల్, సేవల నోడ్లపై లినక్సు ఉండేవి. జపాన్‌లోని కోబే నగరంలో 158,976 నోడ్లతో నిర్మించి 2020లో ప్రథమ స్థానమందుకున్న ఫుగాకు మరొక అడుగు ముందుకు వేసింది. అందులో లెక్కలు చేసే 48 కోర్లకు తోడు, సిస్టము సొంత పనులు చూసుకోవడానికి ప్రతి ప్రాసెసరులోను రెండో నాలుగో సహాయక కోర్లు ఉన్నాయి. లినక్సు పక్కనే మెక్‌కెర్నెల్ అనే తేలికపాటి కెర్నెల్‌ను అదే నోడ్‌లో నడిపే వీలు కూడా కల్పించారు. ఇక్కడ రెండు సిస్టములు పోటీదార్లు కావు. ఒకటి పొలంలో దిగితే మరొకటి గట్టున ఉండి కావలసినవి అందిస్తుంది.

నేటి స్థితి

2017 నవంబరు జాబితా నాటికి ప్రపంచంలోని 500 మహాయంత్రాలన్నీ లినక్సుపైనే నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ కూడా హెచ్‌పీసీ ప్యాక్ అనే తన సాధనంలో లినక్సు నోడ్లకు చోటిచ్చింది. అంటే ఇద్దరు నీరుగంట్ల స్థానంలో ఒకరే ఉండే అవకాశం కలిగింది. విండోసు నోడ్లు కొద్ది రోజులకు మాత్రమే కావలసినవారు వాటిని ఇంటర్నెట్ మీదుగా అద్దెకు తీసుకుంటున్నారు. ఇటీవల బాగా వ్యాపించిన కంటైనర్లు అనే పద్ధతి ఒకే కెర్నెల్‌ను పంచుకుంటుంది కనుక, లినక్సు కెర్నెల్‌పై విండోసు ప్రోగ్రాములను నడపడానికి పనికిరాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి మోసపోయేవారు కనిపిస్తున్నారు.

మనదేశంలో 2015లో ఆరంభమైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద నెలకొల్పిన పరమ్ శ్రేణి యంత్రాలు లినక్సువే. హైదరాబాదు ఐఐటీలోని 838 టెరాఫ్లాపుల పరమ్ సేవా వాటిలో ఒకటి. అంతటి యంత్రం లేని కళాశాలలకు మాత్రం రెండు సిస్టముల ఉపాయం నేటికీ అక్కరకు వస్తుంది. కంప్యూటరు ప్రయోగశాలలో పగలు విండోసుపై పాఠాలు, రాత్రి అవే కంప్యూటర్లను లినక్సులో లేపి లెక్కలు: ఎవరి పనీ ఆగదు, కొత్త యంత్రం కొననక్కరలేదు. మార్పిడి రోజుకు రెండేసార్లు, నిర్ణీత వేళకు జరుగుతుంది కనుక పైన చెప్పిన వరుస తగవులు కూడా రావు. విండోసు అవసరం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉన్నచోట కొన్ని నోడ్లను శాశ్వతంగా దానికి వదిలివేయడమే ఉత్తమం.

ఇంటి కంప్యూటరుపై

తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాప్ పథకంలో విద్యార్థులకు ఇచ్చిన యంత్రాలలో విండోసుతోపాటు, సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు కూడా ఉండేది. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పలువురు పిల్లలు యంత్రం తెరవగానే రెండు పేర్లు కనిపించే ఆ తెరను చూసినవారే. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, పాత యంత్రాలను పారవేయలేని ఇళ్లలో లినక్సును పక్కన చేర్చుకునే ఆలోచన మళ్లీ వస్తున్నది. క్లస్టరులో ఎదురయ్యే చిక్కులు కొన్ని ఇక్కడ కూడా ఎదురవుతాయి.

డిస్కును విభజించే ముందు ఫొటోలను, భూమి పత్రాల నకళ్లను, పిల్లల ధ్రువపత్రాలను వేరే డిస్కుకో పెన్‌డ్రైవుకో ఎత్తుకుని, అక్కడ అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. విండోసులో డిస్కు తాళం, అంటే బిట్‌లాకర్, వేసి ఉంటే దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై రాసి పెట్టుకోవాలి. మేల్కొనే వరుస మారగానే యంత్రం ఆ సంఖ్యను అడగవచ్చు, అది లేనిదే ఫైళ్లు తిరిగిరావు. విండోసులోని త్వరిత ఆరంభ సదుపాయాన్ని ఆపివేయాలి. ఆ సదుపాయం ఉన్నంతకాలం విండోసు పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో దాని భాగంలోకి లినక్సు నుంచి రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. సిస్టము మార్చినప్పుడల్లా గడియారం అయిదున్నర గంటలు ముందుకో వెనుకకో జరిగితే యంత్రం చెడిపోయిందని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తనక్కరలేదు. లినక్సులో స్థానిక సమయాన్ని పాటించమని ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది.